ఒక్కో దేశంలో ఒక్కో గేమ్ కంపెనీదే రాజ్యం: ఎందుకని?

పటమట కిరణ్ (విజయవాడ):
అందరికీ నమస్కారం. మా అక్కావాళ్లు డాలస్ నుంచి వేసవి సెలవులకు వచ్చారు. మేనల్లుడికి మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ గేమ్ యంత్రం అంటే ప్రాణం. అక్కడ తన స్నేహితుల్లో చాలామందికి అదే ఉందట. ఇక్కడ మా వీధి పిల్లలు ఆ పేరు విన్నారు కానీ చేత్తో పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. వీళ్లకు వీడియో గేమ్ అంటే సోనీ వాళ్ల ప్లేస్టేషన్, లేకపోతే ఫోన్. మారియో బొమ్మ చూపిస్తే అందరూ గుర్తుపట్టారు, అది నింటెండో వాళ్లదని మాత్రం ఎవరికీ తెలియదు. జపాన్‌లో చూస్తే ఆ నింటెండోనే ఇంటింటా ఉందంటారు. బొత్తాలు ఇంచుమించు అవే, తెర అదే, పిల్లలు ఎక్కడైనా పిల్లలే. మరి దేశం దాటగానే ఇంత తేడా ఎందుకు? జనం అభిరుచి వేరు కావడమా, లేక ఇదంతా వ్యాపారమా? తెలిసినవారు కాస్త వివరంగా రాయండి. మా తోడల్లుడు గుంటూరు బ్రాడీపేటలో గేమింగ్ సెంటర్ పెట్టాలనుకుంటున్నాడు. ఏ యంత్రాలు కొనాలో తేల్చుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది.

అరండల్‌పేట హరి (గుంటూరు):
ముమ్మాటికీ అభిరుచే కిరణ్ గారూ. డ్రాగన్ క్వెస్ట్ అనే ఆట సంగతే తీసుకోండి. 1986లో జపాన్‌లో మొదలైంది. 1988లో మూడో భాగం వచ్చిన రోజు దుకాణాల ముందు జనం బారులు తీరారు. మొదటి భాగం 1989లో డ్రాగన్ వారియర్ అనే పేరుతో అమెరికాకు వెళ్లింది. అక్కడ సరిగా అమ్ముడుపోక, నింటెండో తన పత్రికకు చందా కట్టినవారికి దాన్ని ఉచితంగా పంచింది. ఒకే ఆట, ఒకే కంపెనీ యంత్రం. ఒక దేశంలో పండగ, ఇంకో దేశంలో చందాదారులకు కానుక. మరోవైపు అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ మీద వచ్చే మ్యాడెన్ ఆటలు అక్కడ ఏటా విపరీతంగా అమ్ముడవుతాయి, ఆ దేశం దాటితే అడిగేవాడు లేడు. మన దగ్గర క్రికెట్ ఆట ఉన్న యంత్రమే నిలబడింది. దీన్ని అభిరుచి అనక ఇంకేమనాలి?

గవర్నర్‌పేట బాషా (విజయవాడ):
హరి బాబూ, మీరు ఆటల గురించి చెప్పారు. కిరణ్ గారు అడిగింది యంత్రాల గురించి. నేను టీవీలు, టేప్‌రికార్డర్లు బాగుచేస్తూ ఈ ఆట యంత్రాల్లోకి వచ్చినవాడిని. బల్ల మీదకు వచ్చినవి చూసి తెలుసుకున్న సంగతులు చెబుతాను.

తొంభైల్లో మన బీసెంట్ రోడ్డులో అమ్మినవన్నీ నింటెండో పాత యంత్రానికి నకళ్లే. లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ లాంటి పేర్లు ఉండేవి. క్యాసెట్ అట్ట మీద వేలకు వేలు ఆటలని రాసి ఉండేది, లోపల తిప్పితిప్పి అవే కొన్ని ఆటలు. అంటే మన పిల్లలు మారియో ఆడారు, కాంట్రా ఆడారు, కానీ నింటెండో అన్న పేరు ఇంట్లోకి రాలేదు. అసలు యంత్రాన్ని సామురాయ్ అనే సంస్థ మన దేశంలో అమ్మింది, దాని పోటీ జపాన్ కంపెనీ సెగా యంత్రాలను షా వాలెస్ వాళ్లు తెచ్చారు. వాటి ధరకు మధ్యతరగతి ఇల్లు వెనక్కి తగ్గేది. నకలు యంత్రమైతే పరీక్షలు పాసైన పిల్లాడికి కొనిపెట్టగలిగేవారు.

ఇక అమెరికా నుంచి సూట్‌కేసులో వచ్చిన యంత్రాలు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వీటికి కొదవ లేదని మీకు తెలుసు. చిన్నాన్న తెచ్చాడనో, మేనమామ పంపాడనో పెట్టె పట్టుకుని దుకాణానికి వచ్చేవారు. మొదటి గండం కరెంటు. అది 120 వోల్టుల యంత్రం, మనది 230. నేరుగా ప్లగ్గులో పెడితే అడాప్టర్ మాడిపోతుంది. దానికి ఇటుకంత బరువున్న ట్రాన్స్‌ఫార్మర్ కట్టి ఇచ్చేవాడిని. యంత్రం బతికి టీవీకి కలిపితే బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చేది, లేదా కిందికీ పైకీ పరుగెత్తేది. అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. రెండూ పట్టే టీవీ ఆ రోజుల్లో అందరి ఇళ్లలో ఉండేది కాదు. అదీ దాటితే డిస్కుల దగ్గర ఆగేది. అమెరికా ప్లేస్టేషన్ 2లో ఇక్కడ కొన్న డిస్కు పెడితే చదవదు, ప్రాంతపు తాళం ఉంటుంది. ఆ తాళం తప్పించే చిప్ వేయమని బతిమాలినవారు ఎందరో.

ఇన్ని గండాలు దాటాక ఆ పిల్లాడికి వీధిలో డిస్కు మార్చుకోవడానికి తోడు దొరకాలి కదా! అందరి దగ్గరా ఉన్న యంత్రాన్నే అందరూ కొంటారు. లెన్స్ అరిగినా, కంట్రోలర్ రబ్బరు పోయినా దాని సామాను మాకు చెన్నై నుంచి తేలిగ్గా వచ్చేది. పక్కదానికి సామాను కావాలంటే వారాల తరబడి ఎదురుచూపే. ఒకసారి అలా ఎదురుచూసిన తండ్రి రెండోసారి ఆ రకం కొనడు.

పటమట కిరణ్:
బాషా గారూ, కరెంటు, టీవీ పద్ధతి ఇంత పని చేస్తాయని నాకు తట్టనే లేదు. దీన్నిబట్టి చూస్తే ఏ దేశంలో ఏ కంపెనీ నిలబడిందన్నది అక్కడి మరమ్మతు దుకాణాన్ని అడిగి తెలుసుకోవాలేమో.

లక్ష్మీపురం మాధవి (గుంటూరు):
నేను డిగ్రీ విద్యార్థులకు వాణిజ్యశాస్త్రం చెబుతాను. ఈ విషయం మీద ఎవరు అడిగినా బ్రెజిల్ గురించే మొదలుపెడతాను. ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ప్రపంచమంతటా సెగా మాస్టర్ సిస్టమ్ నింటెండో ముందు ఓడిపోయిన యంత్రం. జపాన్‌లో ఓడింది, అమెరికాలో ఓడింది. బ్రెజిల్‌లో మాత్రం అదే రాజు. అక్కడ 1987లో టెక్‌టాయ్ అనే బొమ్మల కంపెనీ పుట్టింది. అప్పట్లో బ్రెజిల్ ప్రభుత్వం విదేశీ ఎలక్ట్రానిక్స్ మీద గట్టి ఆంక్షలు, భారీ సుంకాలు విధించేది. బయటి నుంచి తెచ్చి అమ్మితే సామాన్యుడు కొనలేడు. టెక్‌టాయ్ వాళ్లు సెగాతో ఒప్పందం కుదుర్చుకుని ఆ యంత్రాన్ని సొంత దేశంలోనే తయారుచేయించారు. అమెజాన్ అడవుల నడుమ ఉన్న మనౌస్ నగరంలో పన్ను రాయితీలున్న పారిశ్రామిక ప్రాంతం ఉంది, ఫ్యాక్టరీ అక్కడ పెట్టారు. 1989లో మాస్టర్ సిస్టమ్, మరుసటి ఏడాది సెగా తర్వాతి యంత్రం మెగా డ్రైవ్ వచ్చాయి.

తయారీతో ఆగి ఉంటే ఇంత పేరు వచ్చేది కాదు. ఫాంటసీ స్టార్ అనే పెద్ద కథ ఉన్న ఆటను పోర్చుగీసులోకి తెచ్చారు. బ్రెజిల్ పిల్లలు చిన్నప్పటి నుంచి బొమ్మల పుస్తకాల్లో చదువుకునే మోనికా అనే పాత్ర ఉంది. జపాన్‌లో తయారైన వండర్ బాయ్ ఆటను తీసుకుని, అందులో వీరుడి స్థానంలో మోనికాను పెట్టి 1991లో విడుదల చేశారు. చేతిలో ఆమె కుందేలు బొమ్మ, ఎదురుగా డ్రాగన్. మన పిల్లలకు చిన్ననాటి కథల్లోని పాత్రను పెట్టి తెలుగులో ఆట ఇస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నింటెండో అధికారికంగా బ్రెజిల్‌కు వచ్చేసరికి 1993 అయింది. అప్పటికే ఒక తరం పిల్లలు సెగాతో పెరిగారు. మిగతా ప్రపంచం మాస్టర్ సిస్టమ్‌ను మరచిపోయి ఎన్నో ఏళ్లైనా బ్రెజిల్‌లో అది కొత్త పెట్టెల్లో అమ్ముడవుతూనే వచ్చింది. 2015లో నింటెండో అక్కడి పంపిణీని ఆపేసినప్పుడు చెప్పిన కారణం కూడా పన్నుల భారమే.

బ్రెజిల్ పిల్లలకు సెగా అంటే పుట్టుకతో వచ్చిన ఇష్టమేమీ లేదు హరి గారూ. కష్టపడి వాళ్ల ముంగిట్లోకి వెళ్లినవాడు సెగా చేయి పట్టుకుని వెళ్లాడు, అంతే. అభిరుచి దాని మీద పెరిగింది.

వన్‌టౌన్ ప్రసాద్ (విజయవాడ):
మాధవి గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం.

యొకొహామా శ్రీధర్ (సొంతూరు తెనాలి):
జపాన్ నుంచి రాస్తున్నాను. ఎక్స్‌బాక్స్ గురించి ఇక్కడి సంగతి చెప్పాలి.

మైక్రోసాఫ్ట్ తన మొదటి ఎక్స్‌బాక్స్‌ను జపాన్‌లో 2002 ఫిబ్రవరి 22న విడుదల చేసింది. యంత్రం పెద్దది, బరువైనది. అమెరికాలో ఇచ్చిన కంట్రోలర్ ఇక్కడివారి చేతులకు మరీ పెద్దదని గ్రహించి జపాన్ కోసం చిన్నది తయారుచేశారు. తర్వాత ప్రపంచమంతటా అదే నిలిచింది. ఆ మేరకు వాళ్లు మనసు పెట్టారు. కానీ విడుదలైన కొత్తలోనే డిస్కుల మీద గీతలు పడుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఇక్కడి కొనుగోలుదారుకు మొదటి వారంలో కలిగిన అనుమానం ఏళ్ల తరబడి పోదు. చివరికి ఆ యంత్రం జపాన్‌లో సుమారు 5 లక్షల దగ్గరే ఆగిపోయింది.

రెండోసారి ఎక్స్‌బాక్స్ 360తో ఇంకా గట్టిగా ప్రయత్నించారు. ఫైనల్ ఫాంటసీ ఆటల సృష్టికర్త సకగుచితో ఆటలు చేయించారు, డ్రాగన్ బాల్ చిత్రకారుడు తొరియామాతో బొమ్మలు గీయించారు. అలా వచ్చిన బ్లూ డ్రాగన్ ఆట కోసం యంత్రం కొన్నవారు ఉన్నారు. అయినా ప్రపంచం మొత్తం మీద 8 కోట్లకు పైగా అమ్ముడైన యంత్రం ఇక్కడ 16 లక్షల దగ్గర ఆగింది. కాబట్టి మాధవి గారూ, ముంగిట్లోకి వెళ్లడం ఒక్కటే చాలదు. అప్పటికే రెండు సొంత కంపెనీలు ఇంట్లో కూర్చుని ఉన్నాయి. నింటెండో 1983 నుంచి, సోనీ 1994 నుంచి.

ఇంకో కారణం ఇక్కడి రైళ్లు. ఇక్కడ ఉద్యోగికైనా, విద్యార్థికైనా రోజులో చాలాసేపు రైల్లో గడుస్తుంది. ఇళ్లు చిన్నవి, హాల్లో టీవీ ఒకటే. చేతిలో పట్టుకుని ఆడే యంత్రాలు ఇక్కడ విరగబడి అమ్ముడుపోవడానికి కారణం అదే. సోనీ పీఎస్‌పీ మీద మాన్‌స్టర్ హంటర్ పోర్టబుల్ మూడో భాగం 2010 డిసెంబరులో వచ్చి 40 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. నలుగురు ఎదురెదురుగా కూర్చుని, ఎవరి యంత్రం వారు పట్టుకుని, ఒకే మృగాన్ని వేటాడే ఆట అది. స్టేషన్ దగ్గర హాంబర్గర్ దుకాణాల్లో పాఠశాల పిల్లలు గుంపుగా కూర్చుని ఆడేవారు. మనిషికీ మనిషికీ దూరం ఎక్కువగా ఉండి, కార్లలో తిరిగే అమెరికాలో మాన్‌స్టర్ హంటర్ వరుసకు అప్పట్లో అలాంటి ఆదరణ దక్కలేదు. ఇప్పుడు నింటెండో స్విచ్ జపాన్‌లోనే 3 కోట్లకు పైగా అమ్ముడైందంటే ఆ అలవాటు కూడా ఒక కారణం.

అరండల్‌పేట హరి:
శ్రీధర్ గారు నా మాటకే బలం ఇచ్చారు. బతికే తీరును బట్టే అభిరుచి. అది దేశానికో రకంగా ఉంటుంది.

లక్ష్మీపురం మాధవి:
బతికే తీరు అనండి, ఒప్పుకుంటాను. దాన్ని జాతి స్వభావం చేయకండి. రైలు ప్రయాణం, చిన్న ఇల్లు రెండూ పరిస్థితులు. అవి మారితే ఆట మారుతుంది. కొరియాలో ఏమైందో ప్రసాద్ గారు చెబితే బాగుంటుంది, వారు ఇంటర్నెట్ సెంటర్ నడిపినవారు.

వన్‌టౌన్ ప్రసాద్:
చెబుతాను మేడమ్. నా సెంటర్‌లో సాయంత్రం కళాశాలలు వదలగానే కౌంటర్ స్ట్రైక్ కోసం కుర్చీలు నిండిపోయేవి. హెడ్‌ఫోన్ ఊడిపోయి, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ ఆడేవారు. ఆదివారమైతే ముందే పేర్లు రాయించుకోవాలి. ఆ కుర్రాళ్లలో ఎవరింట్లోనూ కన్సోల్, అంటే మనం ఇంతసేపూ చెప్పుకుంటున్న ఆట యంత్రం, లేదు. గంటకు ఇంత అని కట్టి ఆడగలిగారు కాబట్టి ఆడారు. కొరియా గురించి చదివినప్పుడు నా సెంటరే కళ్ల ముందు కనిపించింది.

వలస పాలన గాయం వల్ల దక్షిణ కొరియా జపాన్ సంస్కృతికి చెందిన సరుకును దశాబ్దాల పాటు రానివ్వలేదు. 1998 నుంచి మెల్లమెల్లగా తలుపు తీసింది. అంతవరకు జపాన్ యంత్రాలు కొరియా కంపెనీల పేర్లతో వచ్చేవి. నింటెండో యంత్రాన్ని హ్యుందాయ్ కామ్‌బాయ్ పేరుతో అమ్మింది. అవును, మన రోడ్ల మీద తిరిగే కార్ల హ్యుందాయ్ గ్రూపే. సెగా యంత్రాలను శామ్‌సంగ్ అమ్మింది. ఈలోగా 1997లో ఆర్థిక సంక్షోభం వచ్చి ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వారిలో కొందరు చేతిలో ఉన్న డబ్బుతో కంప్యూటర్ సెంటర్లు పెట్టారు, వాటిని అక్కడ పీసీ బాంగ్ అంటారు. ప్రభుత్వం వేగవంతమైన ఇంటర్నెట్ వేయించింది. సరిగ్గా 1998లో స్టార్‌క్రాఫ్ట్ వచ్చింది. అమెరికా కంపెనీ బ్లిజార్డ్ చేసిన ఆట కొరియాలో జాతీయ క్రీడ స్థాయికి వెళ్లింది. ఆటగాళ్లకు జీతాలు, పోటీలకు ప్రత్యేక టీవీ ఛానళ్లు వచ్చాయి. జపాన్ పక్కనే ఉన్నా అక్కడ కన్సోల్ వెనకబడి కంప్యూటర్ ముందుకు వెళ్లింది.

చైనాది ఇంకా గట్టి కథ. పిల్లలు చెడిపోతున్నారంటూ 2000లో కన్సోల్‌ల అమ్మకాన్నే నిషేధించారు. 2014లో షాంఘైలో సడలించి, 2015లో దేశమంతటా ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో ఎదిగిన తరానికి ఆట అంటే కంప్యూటర్, తర్వాత ఫోన్.

బ్రాడీపేట తేజ (గుంటూరు):
ఇంజనీరింగ్ చదువుతున్నాను. పెద్దలందరూ కన్సోల్ గురించే రాస్తున్నారు. నా తరగతిలో కన్సోల్ ఉన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా తరానికి తలుపు తెరిచింది 2016 సెప్టెంబరులో వచ్చిన జియో. అంతకు ముందు డేటా చూసి చూసి వాడుకునేవాళ్లం. ఆ తర్వాత 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది, ఊళ్లన్నీ ఒక్కటయ్యాయి. కాస్త మంచి ఫోన్ ఉన్నవారు పబ్‌జీ ఆడేవారు. తక్కువ ధర ఫోన్ ఉన్నవారిది ఫ్రీ ఫైర్. సింగపూర్ కంపెనీ గరేనా దాన్ని చవక ఫోన్లలో కూడా నడిచేలా తేలిగ్గా చేసింది. బ్రెజిల్‌లో, ఇండోనేషియాలో, మన దేశంలో అది అంతగా పాకడానికి కారణం ఇదే. మా పల్లెలో నా తమ్ముళ్లందరూ ఫ్రీ ఫైర్ ఆడేవారు. పబ్‌జీ బాగా లేదని కాదు, వాళ్ల ఫోన్ దాన్ని మోయలేదు.

ప్రసాద్ గారు ప్రభుత్వాల సంగతి చెప్పారు కదా, మన దగ్గరా అదే జరిగింది. గల్వాన్ ఘర్షణ తర్వాత 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు. కొరియా కంపెనీ క్రాఫ్టన్ 2021 జూలైలో దాన్నే బీజీఎంఐ పేరుతో మన దేశం కోసం మళ్లీ తెచ్చింది. ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో ఆపేశారు. ఆ ఏడాది జూలైలో బీజీఎంఐ కూడా మాయమై, 2023 మే నెలలో తిరిగి వచ్చింది. ఒక్కో నిషేధం తర్వాత మా గుంపు ఇంకో ఆటకు మారేది. ఎవరి అభిరుచీ మారలేదు హరి అన్నా, ఆట దొరకలేదు.

అరండల్‌పేట హరి:
తేజా, దొరకకపోతే మారారు సరే. దొరికినా పట్టించుకోనివి ఉన్నాయిగా! 2006లో ఎక్స్‌బాక్స్ 360 మన దేశంలో విడుదలైనప్పుడు అక్షయ్ కుమార్, యువరాజ్ సింగ్‌లతో ప్రచారం చేయించారు. అంత హంగామా చేసినా నిలదొక్కుకోలేదు. అదే ఏడాది చివర్లో క్రికెట్ 07 వచ్చింది. అది ప్లేస్టేషన్ 2కూ కంప్యూటర్‌కూ మాత్రమే వచ్చింది, ఎక్స్‌బాక్స్‌కు రాలేదు. తర్వాత దాన్ని తెచ్చిన ఈఏ కంపెనీ క్రికెట్ ఆటలే మానేసింది. అభిమానులు మాత్రం జట్ల పేర్లు, జెర్సీలు మార్చుకుంటూ ఇప్పటికీ దాన్నే ఆడుతున్నారు. మా ఇంట్లో దసరా సెలవులకు పిన్ని పిల్లలు, మామయ్య పిల్లలు వస్తే రెండు కంట్రోలర్లకు ఎనిమిది చేతులు. ఒక్క ఓవర్‌కు ఒకరు చొప్పున బ్యాటింగ్. అక్కడ ఇంకో యంత్రం ఎంత గొప్పదైనా ఎవరికి కావాలి?

లక్ష్మీపురం మాధవి:
ఇది బలమైన మాటే హరి గారూ. అయితే ఆ క్రికెట్ డిస్కు ఆడే యంత్రం అప్పటికే వేల ఇళ్లలో ఎందుకుందో కూడా చూడాలి. 2007లో ప్లేస్టేషన్ 3 మన దేశానికి 39,990 రూపాయలకు వచ్చింది. అప్పటి జీతాలకు అది ఎంత మొత్తమో చెప్పనక్కర్లేదు. సోనీ పాత ప్లేస్టేషన్ 2ను ఆపేయకుండా ధర తగ్గిస్తూ అమ్మింది. ఇంట్లో టీవీ సోనీదే కావడం, ఆ షోరూములోనే ఈ పెట్టె కూడా కనిపించడం ఇంకో సౌలభ్యం. ఐరోపాలో కూడా సోనీకి ఇదే కలిసివచ్చింది, దేశదేశాల్లో ఎలక్ట్రానిక్స్ దుకాణాలు ముందే చేతిలో ఉన్నాయి. 2009లో మన హైదరాబాద్ సంస్థలే ప్లేస్టేషన్ 2 కోసం ఆటలు చేశాయి. అరోనా వాళ్లది హనుమాన్: బాయ్ వారియర్, గేమ్‌శాస్త్ర వాళ్లది దేశీ అడ్డా. రెండోదాంట్లో కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాలు ఉన్నాయి. ఇక్కడి ఆట అక్కడికే వచ్చి చేరింది, ఎందుకంటే కొనేవారు అక్కడ ఉన్నారు.

బ్రిటన్‌లో ఇంకో రకం. 1982లో వచ్చిన స్పెక్ట్రమ్ కంప్యూటర్ కోసం పాటల క్యాసెట్ల మీద ఆటలు అమ్మేవారు, కొన్ని 1.99 పౌండ్లకే దొరికేవి. పిల్లలు జేబు ఖర్చుతో కొనుక్కునేవారు, స్నేహితుడి దగ్గర నకలు తీసుకునేవారు. అలాంటి చోటికి 1987లో నింటెండో ఖరీదైన క్యాసెట్లతో వెళితే ఎవరు కొంటారు? అమెరికాలో గెలిచిన యంత్రం అక్కడ అందుకే చప్పబడింది.

పటమట కిరణ్:
చివరిగా ఒక్క సందేహం. నింటెండో ఇప్పటికీ మన దేశంలో ఎందుకు లేదు?

గవర్నర్‌పేట బాషా:
అధికారికంగా అమ్మడం లేదు బాబూ. దుకాణాల్లో కనిపించే స్విచ్‌లు దుబాయ్ నుంచో, సింగపూర్ నుంచో ఎవరో తెప్పించినవి. కంపెనీ వారంటీ మన దగ్గర చెల్లదు. దిగుమతి సుంకం ఒకటి, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు కన్సోల్‌లను 28 శాతం శ్రేణిలో పెట్టడం ఇంకొకటి, 2019లో దాన్ని 18 శాతానికి తగ్గించారనుకోండి. నింటెండో ఆటల ధర తొందరగా తగ్గించదు కూడా. స్విచ్ కంట్రోలర్ జాయ్‌కాన్ పుల్ల అటూ ఇటూ జారుతోందని పిల్లలు తెస్తే నేను బాగుచేసి ఇస్తాను. సామాను ఆన్‌లైన్‌లో వస్తుంది, మునుపటి ఇబ్బంది లేదు. కానీ కొనే తండ్రి మొదట అడిగేది వారంటీ గురించే.

మీ తోడల్లుడికి నా మాటగా చెప్పండి. బ్రాడీపేట అంటే చుట్టూ విద్యార్థులు. ప్లేస్టేషన్‌లే కొనమనండి. పిల్లలు వచ్చేది ఫుట్‌బాల్, కుస్తీ, క్రికెట్ కోసం. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడేవి అవే. ఆ కంట్రోలర్ బొత్తాలు వాళ్ల వేళ్లకు ఎప్పటి నుంచో అలవాటు. డిస్కు పెట్టే రకమే తీసుకోమనండి, పాత డిస్కులు సగం ధరకు దొరుకుతాయి. ఒక మూల రెండు మంచి కంప్యూటర్లు ఉంచితే తేజ లాంటి పిల్లలు వాలొరంట్ ఆట కోసం వస్తారు. అదనంగా నాలుగు కంట్రోలర్లు దగ్గర పెట్టుకోవాలి, సెంటర్లలో ముందుగా అరిగేవి అవే. వోల్టేజ్ స్టెబిలైజర్ మాత్రం మరచిపోవద్దు.

పటమట కిరణ్:
చెబుతాను బాషా గారూ. ఈ ఆదివారం ఇద్దరం మీ దుకాణానికే వస్తాం.

బ్రాడీపేట తేజ:
కిరణ్ గారూ, సెంటర్ మా కళాశాల దారిలోనే అయితే సాయంత్రం ఐదు తర్వాత రెండు కుర్చీలు మా గుంపుకు ఉంచమనండి.